ఎడమ డొక్క కింద చెయ్యి
దక్కను దవాఖానల చరిత్ర – 9వ భాగం

గత భాగంలో హైదరాబాదు వైద్య పాఠశాల పుట్టుక చూశాం. 1846లో, నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ సర్జన్ విలియం క్యాంప్‌బెల్ మాక్లీన్ దాన్ని మొదలుపెట్టాడు. హకీముల మందుకు లొంగని నిజాం మధుమేహాన్ని ఆయన తిండి నియమంతో అదుపులోకి తెచ్చాడనీ, ఆ మెప్పుతోనే పాఠశాలకు అనుమతి దొరికిందనీ ఉస్మానియా వైద్య కళాశాలలో తరతరాలుగా చెప్పుకుంటారు. బోధన ఉర్దూలో సాగింది. చదువు ముగించిన వాళ్లకు ఇచ్చిన పట్టా పేరు కూడా హకీమే.

భవనాల సంగతి, ఫర్మానాల సంగతి అయిపోయింది. ఈసారి ఆ పాఠశాల నేర్పిన అసలు విద్యకు వద్దాం. మంచం మీద ఉన్న మనిషిని చూసి, ముట్టుకుని, రెండు ముక్కలు అడిగి, లోపల ఏ జబ్బు ఉందో తేల్చడం ఆ విద్య. గోదావరికి ఈవల కరీంనగర్‌కు, ఆవల ఆదిలాబాద్‌కు అది ఎప్పుడు, ఎలా చేరిందో చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. రోగ నిర్ధారణను రోగులున్న చోటే నేర్చుకోవాలి. ఉత్తర తెలంగాణలో నూటయాభై ఏళ్లపాటు రోగులు ఒకచోట, నేర్చుకునేవాళ్లు మరోచోట ఉండిపోయారు. ఆ దూరానికి ఖరీదు కట్టింది ఇక్కడి జనం.

మన వైద్యులు, హకీములు మణికట్టు పట్టుకుని నాడి చూసేవాళ్లు. ఆ మాటకొస్తే పద్దెనిమిదో శతాబ్దం దాకా యూరపు వైద్యులు కూడా రోగి ఒంటిని పెద్దగా తాకింది లేదు. చెప్పింది వినడం, నాడి పట్టడం, మూత్రం రంగు చూడడంతో వాళ్ల పని అయిపోయేది. 1761లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఇటలీలో మోర్గాన్యీ వందల శవాలను కోసి, బతికుండగా కనబడిన లక్షణానికి చచ్చాక లోపల కనబడిన దెబ్బతో ముడి వేశాడు. వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ ఛాతీ మీద వేళ్లతో తట్టి, మోతను బట్టి లోపల గాలి ఉందో నీరు చేరిందో చెప్పవచ్చని రాశాడు. సంతలో కుండ కొనేవాడు వేలితో కొట్టి పగులు పట్టుకోవడం లాంటిదే ఇది. ఆయన తండ్రికి సత్రం ఉండేది, పీపాల్లో సారాయి మట్టం తట్టి చూడడం ఆయన చిన్నప్పుడే ఎరుగునని అంటారు. 1816లో పారిస్‌లో లాయెనెక్ కాగితం చుట్ట చుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది.

చూడడం, తాకడం, తట్టడం, వినడం. ఇవాళ్టికీ మన ఎంబీబీఎస్ పిల్లలు ఇన్‌స్పెక్షన్, పాల్పేషన్, పర్కషన్, ఆస్కల్టేషన్ అని వల్లె వేసే నాలుగు మెట్లు ఇవే. అయితే పారిస్ గొప్పతనం గొట్టంలో లేదు. ఒకే ఆవరణలో వార్డు, శవపరీక్ష గది ఉండడంలో ఉంది. పొద్దున వార్డులో గురువు చెప్పిన మాట నిజమో కాదో వారం తర్వాత కోత బల్ల మీద తేలిపోయేది. తప్పు పట్టే ఏర్పాటు ఉన్నప్పుడే విద్య ఎదుగుతుంది. మన దేశంలో 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసిన సంగతిని చరిత్రకారులు అంతగా తలచుకునేది అందుకే.

హైదరాబాదులో ఈ విద్యకు రంగస్థలం అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి. 1908 మూసీ వరదలో అది కొట్టుకుపోయింది. విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో 1925లో దాని స్థానంలో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. వరదకు ముందు అక్కడ పదహారేళ్లు ఏలినవాడు ఎడ్వర్డ్ లారీ. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు, పాఠశాల పెత్తనం కూడా ఆయనదే. ఆయన హయాంలో బోధన ఇంగ్లీషులోకి మారింది, ఆడపిల్లలు వైద్యం చదివారు. క్లోరోఫాం ఇవ్వడంలో పేరు పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ వాళ్లలో ఒకరు.

ఎడింబరోలో సైమ్ దగ్గర నేర్చుకున్న లారీ శిష్యులకు ఒకే పాఠం గట్టిగా చెప్పాడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి చూడకు, ఊపిరి చూడు. నాడి మీదే వైద్యమంతా నిలబడ్డ దేశంలో ఈ మాట ఎంత వింతగా వినబడి ఉంటుందో ఊహించవచ్చు. ఊపిరి ఆగితేనే మనిషి పోతాడు, గుండెకు ఈ మందుతో ప్రమాదం లేదని ఆయన నమ్మకం. దాన్ని నిరూపించడానికి నిజాం ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువుల మీద పరీక్షలు చేశారు. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికల్లో మారుమోగింది. 1911లో లెవీ అనే పరిశోధకుడు క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చూపించాడు. లారీ నమ్మకం సగమే నిజమైంది.

అంతకంటే మన కథకు దగ్గరి సంగతి మరొకటి ఉంది. 1880లో అల్జీరియాలో లావెరాన్ మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. లారీ ఒప్పుకోలేదు. అది జీవి కాదు, ఎర్ర రక్తకణంలో వచ్చిన మార్పు అని వాదించాడు. ఆయన వాదిస్తున్న ఊళ్లోనే, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, రొనాల్డ్ రాస్ అదే జీవిని దోమ కడుపులో వెతుకుతున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపు గోడలో ఆ జీవి ఆనవాలు దొరికింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. చిత్రమేమంటే 1881లో రాస్ ఇంగ్లండులోని నెట్లీ సైనిక వైద్య పాఠశాలలో చేరినప్పుడు అక్కడ వైద్యం బోధించే ఆచార్యుడు మాక్లీన్, హైదరాబాదు పాఠశాలను స్థాపించిన ఆ మాక్లీనే.

లారీ అసమర్థుడని నేను అనను. రోగి ఊపిరిని అంత శ్రద్ధగా గమనించమని నేర్పినవాడు మంచి గురువే. కంటికి, చేతికి అందనిది లేనే లేదనుకోవడం దగ్గర ఆయన దెబ్బ తిన్నాడు. ఈ తగాదా హైదరాబాదులో 1897తో తీరిపోయింది. ఆదిలాబాద్ అడవిలో ఇంకో వందేళ్లు తీరలేదు.

ఆ సంగతి అర్థం కావాలంటే ఒక పరీక్షను దగ్గరగా చూడాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు కొంచెం మడవమంటారు. వైద్యుడు కుడి పక్కన కూర్చుని, అరచేతిని బొడ్డుకు కుడివైపు కింద ఆనించి, ఊపిరి పీల్చమంటూ కొద్దికొద్దిగా ఎడమ డొక్క వైపు జరుపుతాడు. మామూలు మనిషికి అక్కడ ఏమీ తగలదు. ప్లీహం పెరిగి ఉంటే ఊపిరి పీల్చినప్పుడు గట్టి అంచు ఒకటి దిగివచ్చి వేళ్లకు తాకుతుంది. పల్లెల్లో దీన్నే కడుపులో బల్ల అంటారు. చెయ్యి మొదటే పైన డొక్క దగ్గర పెడితే, బాగా పెరిగిన ప్లీహం అంచు చేతికి కిందుగా ఉండిపోతుంది, పరీక్షించేవాడు ఏమీ లేదని వెళ్లిపోతాడు. హచిసన్, రెయినీ రాసిన క్లినికల్ మెథడ్స్ పుస్తకం మొదటి కూర్పు కూడా సరిగ్గా 1897లోనే వచ్చింది. ఇలాంటి మెళకువలు అందులో పేజీల కొద్దీ ఉంటాయి. మన వైద్య విద్యార్థులు దాన్ని నేటికీ హచిసన్ అనే పిలుచుకుంటారు. అయినా పుస్తకం చదివి బల్లను పట్టుకున్నవాడు లేడు. పది మంది రోగుల పొట్ట మీద గురువు చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టినప్పుడే ఆ అంచు వేళ్లకు తెలుస్తుంది.

బల్ల ఉన్న రోగులు ఎక్కడున్నారు? ఉట్నూరు, ఆసిఫాబాద్, తిర్యాణి, జైనూరు అడవుల్లో ఉన్నారు. మలేరియా ఎంత ఉందో కొలవడానికి ఊళ్లో పిల్లల ప్లీహాలు తడిమి లెక్క రాసుకునే పద్ధతి ఈ దేశంలో 1840లలోనే పుట్టింది. వానలు పడగానే గోండు గూడేల్లో చలిజ్వరం మొదలవుతుంది. జ్వరం, వణుకు, బల్ల, రక్తం తగ్గడం, ఈ నాలుగూ కలిసి కనబడితే మలేరియా అని చెయ్యి తిరిగిన వైద్యుడు ఎవరైనా అంటాడు. చాలాసార్లు ఆ మాట నిజమే.

కానీ అదే గూడెంలో ఇంకో పిల్లవాడు ఉంటాడు. ఏడాది నిండకముందే చేతులూ కాళ్లూ వాచాయి. చలి పెరిగినా, తడిసినా ఎముకలు లోపల నుంచి కోసినట్టు నొప్పి. కళ్లు పచ్చబడతాయి. వాడి కడుపులోనూ బల్ల ఉంది. వాడి జబ్బు సికిల్ సెల్. తల్లి నుంచి, తండ్రి నుంచి చెరొక పాలు వచ్చిన హీమోగ్లోబిన్ లోపం వల్ల ఎర్ర కణం కొడవలి ఆకారంలో వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. 1910లో షికాగోలో హెరిక్ దీన్ని మొదట వర్ణించాడు. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో తొలిసారి గుర్తించారు. ఆ తర్వాత మధ్య భారతమంతటా, గోండులూ కొలాములూ ఉండే ఆదిలాబాద్‌తో సహా, కనబడింది. 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో చూపించిన సంగతి ఇక్కడికి నేరుగా వర్తిస్తుంది. ఒక్క పాలు మాత్రమే వచ్చినవాళ్లకు మలేరియా నుంచి రక్షణ ఎక్కువ. అడవిలో తరతరాలుగా మలేరియా ఉండబట్టే ఈ లోపం ఆ జనంలో నిలిచింది. అందుకని రెండు జబ్బులూ ఒకే గూడెంలో, ఒక్కోసారి ఒకే ఒంట్లో ఉంటాయి.

ఆఫ్రికా సంతతి రోగుల్లో సికిల్ సెల్ పిల్లవాడి ప్లీహం ఐదారేళ్లు వచ్చేసరికి ఎండి కుంచించుకుపోవడం మామూలు. భారత గిరిజనుల్లో పిండ హీమోగ్లోబిన్ పాలు ఎక్కువ కాబట్టి ప్లీహం పెద్దగానే మిగిలిపోవడం తరచుగా కనిపిస్తుంది. విదేశీ పుస్తకం చదివినవాడు బల్ల ఉంది గనుక సికిల్ సెల్ కాదనుకునే ప్రమాదం ఉంది. చెయ్యి ఒక్కటే చాలదు, సూక్ష్మదర్శిని ఒక్కటే చాలదు, పుస్తకం అసలే చాలదు. ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి చూసిన గురువు దగ్గర నేర్చుకోవాలి. అలాంటి గురువు ఉండాలంటే అక్కడ ఆస్పత్రీ, ఆ ఆస్పత్రిలో చదువూ ఉండాలి. కీళ్లవాతమనీ, ఊరికే జ్వరమనీ మందు బిళ్లలిచ్చి పంపిన పిల్లలు ఆ లోటుకు బలైనవాళ్లు.

భాష సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. జబ్బు చరిత్ర అడగడమే నిర్ధారణలో సగం పని. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక వైద్య బోధన మళ్లీ ఉర్దూలోకి మారింది, వైద్య గ్రంథాలను ఆ విశ్వవిద్యాలయ అనువాద విభాగమైన దారుల్ తర్జుమా పండితులు ఉర్దూలోకి తెచ్చారు. దేశభాషలో ఆధునిక వైద్యం చెప్పవచ్చని నిరూపించిన ఆ ప్రయత్నానికి నేను తలవంచుతాను. అయితే హైదరాబాదు సంస్థానంలో సగం మందికి దగ్గర దగ్గరగా తెలుగువాళ్లే. ఆదిలాబాద్‌లో తెలుగుతోపాటు మరాఠీ, గోండి, కొలామీ, లంబాడీ వినబడతాయి. ఉర్దూలో కేసు రాయడం నేర్చిన వైద్యుడి ముందు కరీంనగర్ రైతు కూర్చుని, పెయ్యంత గుంజుతందనీ, నెత్తి దిమ్ముగున్నదనీ, దమ్ము వస్తందనీ, పోయినేడు ఊళ్లె గత్తర వచ్చిందనీ చెబుతాడు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. రోగి మాత్రం అదే మాట మాట్లాడుతున్నాడు. గోండు రోగికైతే తన భాష తెలిసిన కంపౌండరో ఆయానో మధ్యలో ఉండాల్సిందే. బడి చదువు విషయంలో ఈ సంగతిని 1943లోనే గుర్తించారు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. వైద్య కళాశాల పాఠ్యంలో గోండికి చోటు దొరకలేదు.

కొన్ని జబ్బులకు మాట పెద్దగా అక్కర్లేదు. కరీంనగర్ పొరుగు జిల్లా నిజామాబాద్‌లో, డిచ్‌పల్లిలో, వెస్లియన్ మిషన్ వైద్యురాలు ఇజబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆస్పత్రి నెలకొల్పింది. నిజామాబాద్‌కు చెందిన నర్సాగౌడ్ డబ్బు సాయం చేశాడు. అక్కడ నిర్ధారణకు కావలసింది ఒక దూది పింజ. రోగిని కళ్లు మూసుకోమని, తెల్లబారిన మచ్చ మీద దూది ఆనించి, ఎక్కడ తాకిందో వేలితో చూపమంటారు. చూపలేకపోతే స్పర్శ పోయినట్టు. మోచేతి వెనక, మెడ పక్కన, మోకాలి కింద నరాలు తాడులా లావెక్కాయేమో తడిమి చూస్తారు. పెద్దరోగమని ఊరు వెలివేసిన మనిషిని ఒక వైద్యురాలు చేత్తో ముట్టుకుని పరీక్షించడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అది నిర్ధారణ కూడా, వైద్యంలో మొదటి మెట్టు కూడా.

కొన్ని జబ్బులు ఒక్క ప్రశ్నతో తేలతాయి. 1958లో పోషకాహార పరిశోధన సంస్థ కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. మెడ చుట్టూ హారంలా, చేతుల వెనక, పాదాల పైన నల్లగా కమిలిన చర్మంతో పేదలు దవాఖానకు రావడం ఆ సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా గమనించారు. విరేచనాలు, మతి చెదరడం కూడా తోడయ్యేవి. స్పెయిన్‌లో కాసల్ 1735లోనే మొక్కజొన్న తినే పేదల్లో చూసిన పెలాగ్రా ఇది. మక్కలు ముఖ్యాహారం కాని తెలంగాణలో ఎందుకుంది? ఏం తింటారని అడిగితే జొన్న అన్నారు. జొన్న రొట్టె, జొన్న గట్క, జొన్న అంబలి, మూడు పూటలా అదే. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం కారణమని 1960లో వాళ్లు ప్రకటించారు. ఆ వివరణ మీద తర్వాత చర్చ సాగింది గానీ, జొన్నకూ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని మంచం దగ్గర పట్టుకున్న ఘనత వాళ్లది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, తిండి మారాక, ఆ హారం అరుదైపోయింది.

ఇంకో ప్రశ్నను 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ చేర్చాడు. రోగిని తప్పకుండా అడగండి, నీ పని ఏమిటి అని. ఉత్తర తెలంగాణకు ఇంతకంటే అవసరమైన ప్రశ్న లేదు. బెల్లంపల్లి నుంచి గోదావరిఖని దాకా బొగ్గు గని, సిరిసిల్లలో మరమగ్గం, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్లలో బీడీల చేట, ఊరూరా తాటి చెట్టు. ఏళ్ల దగ్గు ఉన్న మనిషి గని దిగేవాడైతే ఆలోచన ఒక దారిన వెళ్లాలి, బీడీలు చుట్టే ఆడమనిషైతే మరో దారిన వెళ్లాలి. క్షయ రెండు దారుల్లోనూ కాచుకుని ఉంటుంది. పని అడగని వైద్యుడు ఎక్స్‌రే చేతిలో ఉన్నా తప్పు చదువుతాడు.

ఇవన్నీ నేర్పగల దవాఖాన ఎక్కడుంది? 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల వచ్చేదాకా ఉత్తర తెలంగాణలో వైద్య కళాశాలే లేదు. అప్పుడు కూడా ఆదిలాబాద్ అడవి నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి వార్డు చాలా దూరం. జిల్లా దవాఖానల్లో అనుభవం గల మంచి వైద్యులు పనిచేశారు. అయితే వాళ్ల వేళ్ల మెళకువ వాళ్లతోనే పోయింది, పక్కన నిలబడి నేర్చుకునే విద్యార్థి లేడు గనుక. పల్లెల్లో ఆ ఖాళీని ఆర్‌ఎంపీలు నింపారు. ఒక డాక్టరు దగ్గర కంపౌండరుగా చూసి నేర్చిన విద్య వాళ్లది. అర్ధరాత్రి తలుపు తీసింది వాళ్లే. అయితే సూది వేయడం నేర్చినంత సులువుగా బల్లను తడమడం నేర్చుకునే వీలు వాళ్లకు ఎవరూ కల్పించలేదు.

2000 తర్వాత కరీంనగర్‌లో ప్రైవేటు వైద్య కళాశాలలు వచ్చాయి. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. పాత ఆదిలాబాద్ జిల్లాలో ఇప్పుడు నాలుగు ప్రభుత్వ వైద్య కళాశాలలు, పాత కరీంనగర్‌లో నాలుగు. బోధకుల కొరత, సామగ్రి కొరత అన్నిచోట్లా వినబడే మాటే. అయినా ఆసిఫాబాద్‌లో వైద్య విద్యార్థి గోండు పిల్లవాడి ఎడమ డొక్క కింద చెయ్యి పెట్టి నేర్చుకునే రోజు రావడం ఈ ప్రాంత చరిత్రలో పెద్ద మార్పు. 2019 నుంచి ఎంబీబీఎస్ ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలన్న నియమం ఉంది. 2023 జులైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్షలు సాగుతున్నాయి. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు చదివే పిల్లలకు తెలుగుతోపాటు గోండిలో కనీసం జబ్బు చరిత్ర అడిగేంత భాష నేర్పాలని ఆ కళాశాలల పెద్దలను కోరుతున్నాను. మార్లవాయిలో 1943లో సాధ్యమైంది ఇవాళ ఎందుకు కాదు?

పాఠకులకు ఒక మనవి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల తాలూకా దవాఖానల్లో పనిచేసిన పాత తరం వైద్యులు, నర్సులు, కంపౌండర్లు మీ ఇంట్లో ఉంటే, వాళ్లు రాసుకున్న కేసు నోటు పుస్తకాలు, మందుల చీటీలు, ఉర్దూలోనో ఇంగ్లీషులోనో ఉన్న రిజిస్టర్లు పాత కాగితాల వాళ్లకు అమ్మేయకండి. రోగుల పేర్లు బయటపెట్టకుండా వాటిని దగ్గరలోని వైద్య కళాశాల గ్రంథాలయానికి అప్పగించండి. ఏ ఊళ్లో ఏ వానాకాలం ఎంతమందికి బల్ల ఉందో రాసిపెట్టిన ఒక్క రిజిస్టరు దొరికినా ఇక్కడ వైద్యం నేర్చుకునే పిల్లలకు అది పాఠ్యపుస్తకమవుతుంది.